బ్లాక్ అండ్ వైట్‌కి ‘చాయ’ అన్న మాట సరిపోతుందా?

అందరికీ నమస్తే. ఇది ఫోటో దగ్గర మొదలై మాట మీదికి వచ్చిన గొడవ. మొన్న ఆదివారం పొద్దున్నే విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లి ఓ నలభై ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి ఒకదాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చుట్టాల గ్రూపులో పెడితే మా బావ వెంటనే, “ఏటి బావా, ఎర్రమట్టి దిబ్బల్లో ఎరుపు తీసేస్తే మిగిలేవి మట్టి దిబ్బలే కదా” అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఆ మాటలో పస ఉంది, ఆ చోటికి పేరే రంగుతో వచ్చింది. కాకపోతే నన్ను ఆపింది ఎరుపు కాదు. వానలకు కోసుకుపోయిన లోతైన గాడి, దానికి ఒక గోడ మీద ఏటవాలు ఎండ, రెండో గోడ చీకటి. రంగులో చూస్తే కన్ను ముందు ఎరుపు మీదికి, తర్వాత చెట్ల పచ్చదనం మీదికి పోతోంది, ఆ లోతు ఎవరికీ ఆనడం లేదు.

సరే, దాని కింద తెలుగులో ఏం రాయాలి? ‘నలుపు తెలుపు చిత్రం’ అని రాసి కొట్టేశాను. అందులో అసలు నలుపు ఎంత, అసలు తెలుపు ఎంత? చెరో చిటికెడు. మిగతాదంతా మధ్యలోది, దానికేమో మనకు ‘బూడిద రంగు’ తప్ప మాట లేదు. జుట్టయితే నెరిసింది అంటాం, ఫోటో నెరిసింది అనలేం కదా.

నాకు తోచింది ‘చాయ’. సంస్కృతంలో ఛాయ అంటే నీడ, కాంతి అనే అర్థమూ ఉంది. సూర్యుడి వేడికి తాళలేక సంజ్ఞాదేవి తన బదులు ఉంచి వెళ్లిన నీడ పేరు కూడా ఛాయే. మన నోట్లో వత్తు పోయి చాయ అయ్యేసరికి అది రంగైంది: చామనచాయ, పసుపుచాయ. నీడకీ రంగుకీ ఒకే మాట! అందుకే రంగు ఫోటోని వర్ణచిత్రమనీ, ఇలాంటిదాన్ని ఉత్త ఛాయాచిత్రమనీ అంటే పోదా అని నా ప్రశ్న.

జవాబు:
చాయ అంటే మా ఇంట్లో పప్పండీ. పొట్టు మినప్పప్పు చూడండి, ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు. పొట్టు తీసేస్తే చాయపప్పు. అంటే మీ ఫోటో పొట్టుపప్పు అన్నమాట :) ఇక ‘వర్ణచిత్రం’ అంటే కుంచెతో వేసిన బొమ్మ అనుకుంటారు. కలర్ ఫోటో అంటే మా అమ్మమ్మకీ అర్థమవుతుంది, దాన్ని అలాగే ఉంచేయండి.

జవాబు:
విశాఖ జగదాంబ సెంటర్ దగ్గర ఒక స్టూడియోలో పదేళ్లు పనిచేసిన వాణ్ణి, ఒక మాట చెప్తాను. రంగు ‘తీసేయడం’ అంటున్నారు గానీ అక్కడ జరిగేది మార్చడం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడిటికీ తలో వాటా వేసి కలుపుతారు. పాత టీవీ లెక్కలో ఆకుపచ్చకు 0.587, ఎరుపుకు 0.299, నీలానికి 0.114, ఎందుకంటే మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది. ఈ వాటాలు ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తే ఒక్కోసారి ఎర్రచీరా, దాని ఆకుపచ్చ అంచూ ఒకే బూడిదలోకి పడి అంచు మాయమైపోతుంది, అలాంటి పెళ్లి ఫోటోలు నేనే పాడుచేశాను. అదే ఎరుపు వాటా పెంచారనుకోండి, మీ దిబ్బలు తెల్లబడి ఆకాశం నల్లబడుతుంది. ఫిల్మ్ రోజుల్లో ఈ పనికే లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ పెట్టేవాళ్లు. అంతకు ముందు తరం ఫిల్మ్‌కి ఎరుపు కనిపించేదే కాదు, బొట్టు నల్లగా వచ్చేది. మీ బావగారితో చెప్పండి, ఎరుపు ఎక్కడికీ పోలేదు, చాయగా మారిందని. ఆ లెక్కన మాట బాగానే కుదిరింది. అలాగని బ్లాక్ అండ్ వైట్ అన్నిటికీ కుదరదు. ఫిషింగ్ హార్బర్‌లో పడవల్ని నేనైతే కలర్‌లోనే తీస్తాను.

జవాబు:
పాత ఆల్బం చూస్తుంటే ఇదే గుర్తొచ్చింది. మా అమ్మానాన్నల పెళ్లి ఫోటో బ్లాక్ అండ్ వైట్, ఇప్పటికీ అమ్మ జడలో పూలు లెక్కపెట్టొచ్చు. నా అన్నప్రాసన ఫోటో కలర్, అందులో చీరలన్నీ ఒకే గులాబీ రంగులోకి దిగిపోయాయి. దాన్ని ‘వెలిసిపోయింది’ అంటాం, మొదటిదాన్ని ఎవరూ అలా అనరు, మహా అయితే పచ్చబడింది అంటారు. వాన వెలిసింది, రంగు వెలిసింది, సింహాచలంలో స్వామి వెలిశాడు, ఈ మూడూ ఒకే మాటేనా?

మళ్లీ నేను:
ఒకటి కాదండీ. స్వామి విషయంలో అది ‘వెలయు’, అంటే ప్రకాశించడం, కనబడటం. రంగుకీ వానకీ ‘వెలియు’. వాడుకలో ‘వెలిశాడు, వెలిసింది’ అయ్యేసరికి కలగాపులగం అయిపోయాయి, అందుకే దేవుడు రావడానికీ రంగు పోవడానికీ ఒకే మాటలా వినిపిస్తోంది. మీ ఆల్బం సంగతి కూడా ఇందులోనే ఉంది. పాత బ్లాక్ అండ్ వైట్ ప్రింట్‌లో బొమ్మ సన్నని వెండి రేణువులతో ఏర్పడుతుంది, కలర్ ప్రింట్‌లో ఉండేది అద్దకపు రంగు. అద్దకం బట్ట మీదున్నా కాగితం మీదున్నా వెలుస్తుంది, వెండి వెలవదు, ప్రింట్ వేసేటప్పుడు సరిగ్గా కడగకపోతే మాత్రం రంగు మారుతుంది.

స్టూడియో మాస్టారు చెప్పినట్టు ఎరుపు వాటా పెంచి చూశాను. గాడి లోపల మట్టి పొరలు ఒక్కొక్కటీ విడిగా తేలాయి, గోడ అంచున వేలాడే వేళ్లు కూడా కనిపించాయి. కింద ‘ఎర్రమట్టి దిబ్బలు, ఛాయాచిత్రం’ అని రాసి బావకి పంపితే, “ఇప్పుడు సున్నం దిబ్బల్లా ఉన్నాయి బావా” అని జవాబిచ్చాడు.

పప్పు సంగతి మాత్రం నన్ను వదలడం లేదు. పొట్టు తీసినదాన్ని చాయ అని ఎందుకన్నారు, లోపలి రంగు బయటపడిందనా? పాత తరం వాళ్లెవరైనా చెప్పగలరా?