పడవ విహారానికి నదిలో నీటి హక్కు ఇవ్వవచ్చా?

బెళ్ళందూరు వాసి:
బెంగళూరులోని మన తెలుగువారు సెలవులకు దాండేలి వెళ్ళి కాళీ నదిలో రాఫ్టింగ్ చేసి వస్తుంటారు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఇలాంటి పడవ విహార కేంద్రాల కోసం పారే నీటిపైనే చట్టబద్ధమైన హక్కు ఇస్తున్నారు. ఇక్కడ అది వద్దని నా అభిప్రాయం. అక్కడి గోల్డెన్ పట్టణం క్లియర్ క్రీక్‌పై గరిష్ఠంగా 1,000 క్యూసెక్కులకు హక్కు పొందింది. ఆ ప్రవాహం 55 రోజులు పారితే, 2018లో సుప్రీంకోర్టు బెంగళూరు కోసం కర్ణాటకకు అదనంగా కేటాయించిన 4.75 టీఎంసీలతో సమానమవుతుంది. 2024 వేసవిలో ట్యాంకరు వచ్చేలోగా మా సంపు అడుగు కనిపించేది. ఆ అడుగు చూసినవాణ్ణి వినోదానికి నీళ్ళు రాసివ్వమని ఎలా అనగలను?

తుంగతీరం:
మీ లెక్క సరైనదేనండీ, పోలికే కుదరలేదు. మనం కావేరి నుంచి తోడుకున్న నీరు నదిలో తరిగిపోతుంది. పడవ కిందనుంచి పోయిన నీరు మాత్రం చుక్క తగ్గకుండా దిగువకు చేరుతుంది, అక్కడి రైతు దాన్నే మడికి పెట్టుకోవచ్చు. నీటిని మళ్ళించకుండా, నదిలోనే రాళ్ళతో, కట్టడంతో అదుపు చేసినా అది వాడుకే అవుతుందని కొలరాడో సుప్రీంకోర్టు 1992లో ఫోర్ట్ కాలిన్స్ వ్యాజ్యంలో అంగీకరించింది. ముందు వాడుకున్నవారిదే ముందు హక్కు అనేది అక్కడి నియమం కాబట్టి, కొత్తగా వచ్చిన పడవల హక్కు పాత రైతుల వాటాను తాకలేదు. 2001 చట్టం ఆ హక్కు కోరే అర్హతను స్థానిక ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసి, సముచితమైన విహారానికి కావలసిన కనీస ప్రవాహానికి మించి ఇవ్వరాదని చెప్పింది. టూర్లు నడిపే ప్రైవేటువారికి నదిని రాసివ్వకపోవడం నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం.

కాళీ నదిలో ఇబ్బంది పరిమాణంలో కాదు, వేళలో ఉంది. గణేశగుడి దగ్గర మేము ఉదయం ఎనిమిదికి లైఫ్ జాకెట్లు వేసుకొని ఒడ్డున కూర్చున్నాం. ఎగువన సూపా దగ్గర విద్యుత్ కేంద్రంలో టర్బైన్లు తిరిగితే తప్ప నదికి వడి రాదు. రాళ్ళమీద నిన్నటి నీటి గీత తెల్లగా ఎండి ఉంది. చాలాసేపటికి ఒక నాచు రాయి చుట్టూ నీరు సుడి తిరగడం మొదలై, చూస్తుండగానే ఆ రాయి మునిగింది. ఎలాగూ వదిలే నీటికి ఒక వేళాపట్టిక ఉండాలనే నేను కోరేది.

బెళ్ళందూరు వాసి:
తగ్గదన్నది దిగువవారి మాట. ఎగువ ఊళ్ళు రేపు తాగునీటి పథకం పెట్టుకోవాలంటే ఈ హక్కు అడ్డం రాదా?

తుంగతీరం:
వస్తుంది, నిజమైన చిక్కు అదే. కొలరాడోలోనే గన్నిసన్ నది వ్యాజ్యంలో స్థానిక నీటి సంస్థ 1,500 క్యూసెక్కుల వరకూ కోరగా, రాష్ట్ర జలమండలి 250 చాలునంది. 2005లో అక్కడి సుప్రీంకోర్టు దిగువ కోర్టు తీర్పును పక్కనబెట్టి మళ్ళీ విచారించమంది. మన దగ్గర 1882 నాటి ఈజ్‌మెంట్స్ (ఇతరుల నేల, నీటిపై వాడుక హక్కుల) చట్టం కూడా నదీజలాల నియంత్రణ అధికారాన్ని ప్రభుత్వానికే ఉంచింది. అందువల్ల స్థిరమైన హక్కు బదులు, ఏటా సమీక్షించే అనుమతిగా, తాగునీటి పథకం వచ్చిన రోజున దానికి దారి వదలాలన్న షరతుతో, స్థానిక పంచాయతీ పేరనే ఇస్తే నాకు అభ్యంతరం లేదు.

బెళ్ళందూరు వాసి:
ఆ షరతు అనుమతి పత్రంలోనే రాసి ఉంటే, వేళాపట్టిక వరకు నేనూ ఒప్పుకుంటాను. హక్కు అన్న మాటకు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.