చెరువుల పటాలు: రాష్ట్రం మొత్తం ఒకే ఫైలా, కావలసినంత ఎంచుకునే వీలా?

చెరువుగట్టు

అందరికీ నమస్కారం. మన రాష్ట్ర ఓపెన్ డేటా పోర్టల్‌లో పటాల డౌన్‌లోడ్ పద్ధతి మారుస్తున్నారట. సూచనలు పంపమని హోమ్ పేజీలో పెట్టారు. పంపే ముందు ఇక్కడ నాలుగు మాటలు అనుకుంటే మంచిదని ఈ చర్చ మొదలుపెడుతున్నా.

ముందు నా సంగతి చెప్తాను. మాది రంగారెడ్డి జిల్లాలో చిన్న ఊరు. రెండు చెరువులు, ఒక కుంట. ఆ కుంట శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) ఎండాకాలం నుంచి టిప్పర్లతో మట్టి పోస్తున్నారు. గ్రామసభలో లేచి అడిగితే "హద్దు ఎక్కడుందో చూపించండి" అన్నారు. పోర్టల్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) లేయర్ ఉందని తెలిసి ఎంత సంబరపడ్డానో. తీరా చూస్తే రాష్ట్రం మొత్తానికి ఒకటే జిప్. ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ తప్ప వేరే దారి లేదు. మూడు రాత్రులు పెట్టాను. ప్రతిసారీ చివరిదాకా వచ్చి తెగిపోవడం, మళ్లీ మొదటి నుంచి మొదలవడం. చివరికి టౌన్‌కి వెళ్లి నెట్ సెంటర్‌లో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకున్నా. విప్పితే ఒకే పేరుతో ఆరు ఫైళ్లు. ఏది తెరవాలో తెలియలేదు. నాకు కావలసింది ఒక్క కుంట.

అందుకని నా సూచన ఇది: పటం మీద మండలం నొక్కితే ఆ మండలం వరకే రావాలి. ఫోన్‌లో గూగుల్ ఎర్త్‌లో తెరుచుకునేలా కేఎంఎల్ కూడా ఇవ్వాలి. మీరేమంటారు?

పటాలపని

అక్కా, మీరు పడ్డ అవస్థ నాకు తెలుసు. పదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. కానీ మండలం వరకు కోసి ఇవ్వమనడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

చెరువుకి మండలం హద్దుతో పని లేదు. సగం నీళ్లు ఈ మండలంలో, సగం ఆ మండలంలో ఉన్న చెరువులు మన దగ్గర బోలెడు. సాఫ్ట్‌వేర్ గీత వెంబడి కోసేస్తుంది. మీ ఫైల్లో 40 ఎకరాల చెరువు 22 ఎకరాలై కూర్చుంటుంది. టేబుల్లో మాత్రం పాత 40 అలాగే ఉంటుంది. మీరు గ్రామసభలో ఆ పటం పెడితే ఎదుటివాడు "చూశారా, ఈ లెక్కే తప్పు" అని మొత్తం కొట్టిపారేస్తాడు. మీ కేసు అక్కడే పోతుంది.

ఇంకోటి. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది చెరువుకి నీళ్లు. మీ కుంటకి నీళ్లొచ్చే కాలువ పక్క మండలంలో పూడిపోయి ఉంటే? మండలం వరకే దించుకున్నవాళ్లకి ఆ సంగతే తెలియదు. రాష్ట్రం ఫైలంతా ఉంటేనే పైనుంచి కిందికి వెతుక్కుంటూ రాగలం.

ఎవరికి వారు కోసుకున్న ముక్కలతో పది రకాల ఫైళ్లు తిరుగుతాయి. ఒకటే ఫైలు, ఒకటే లింకు, ఆ లింకు ఎప్పటికీ మారకూడదు. నేను అడిగేది ఇంతే.

భూగోళం టీచర్

నేను నారాయణపేట దగ్గర హైస్కూల్‌లో సోషల్ చెప్తాను. షేప్‌ఫైల్ అనే పటాల ఫార్మాట్, దాన్ని తెరిచే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ మా పిల్లలకి దూరం. స్కూల్ కంప్యూటర్లలో ఉండేది ఎక్సెల్. కాబట్టి నా గొడవ సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలు) గురించి.

పోర్టల్‌లో సీఎస్‌వీ అని ఉన్నది నొక్కి ఎక్సెల్‌లో తెరిస్తే ఊళ్ల పేర్లన్నీ పిచ్చి గుర్తులు. ఫైలు తెలుగు అక్షరాలు దాచగల యూటీఎఫ్-8 పద్ధతిలోనే ఉందట. ఆ సంగతి చెప్పే చిన్న గుర్తు మొదట్లో లేకపోవడంతో ఎక్సెల్ వేరేలా చదివింది. అది సరిచేసుకున్నాక సర్వే నంబర్లు చూడబోతే 12/3 ఉండాల్సిన చోట ఏదో నెల, ఏదో తేదీ. 5/2 కూడా అంతే. ఉపభాగాలున్న సర్వే నంబర్లలో ఎన్ని తేదీలైపోయాయో లెక్క లేదు. చూసుకోకుండా సేవ్ చేస్తే అసలు నంబరు ఇక తిరిగి రాదు.

ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్ల ఒకమ్మాయి హైదరాబాద్‌ని ఆన్‌లైన్ పటం మీద పెడితే చుక్క ఆర్కిటిక్‌లో, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో పడింది. కాలమ్‌ల పేర్లు ఎక్స్, వై అని మాత్రమే ఉన్నాయి. 17.38 అక్షాంశం, 78.48 రేఖాంశం కావాలి, పిల్ల తారుమారుగా ఇచ్చింది. తప్పు పిల్లది కాదు. "అక్షాంశం", "రేఖాంశం" అని కాలమ్ మీద రాయడానికి ఏమడ్డం? ఆ పిల్ల నోట్‌బుక్ తీసుకొచ్చి "టీచర్, నేను సరిగ్గానే రాశాను కదా" అని అడిగినప్పుడు నాకు చాలా బాధేసింది.

పటాలపని

టీచర్ గారూ, సీఎస్‌వీ విషయంలో మీతో నాకు పేచీ లేదు. సర్వే నంబర్ల గోల మేమూ పడుతున్నాం. ఎక్సెల్‌లో నేరుగా తెరవకుండా డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి, ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని చెబితే తేదీలు కావు. కానీ ఈ మాట డౌన్‌లోడ్ బటన్ పక్కనే రాసి ఉండాలి, మీలాంటివాళ్లు ఎక్కడో వెతుక్కోకూడదు.

షేప్‌ఫైల్ మానేయమంటే మాత్రం నేనూ చేయెత్తుతా. 90ల నాటి ఫార్మాట్. కాలమ్ పేరుకి పది బైట్లే చోటు. ఒక్కో తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు తింటుంది. "మండలం" అని పేరు పెడితే "మండ" దగ్గర ఆగిపోతుంది. అక్కకి ఆరు ఫైళ్లు కనిపించిందీ అందుకే: ఆకారాలు ఒక దాంట్లో, పట్టిక ఒక దాంట్లో, ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే లెక్క) ఒక దాంట్లో ఉంటాయి, ఒక్కటి తప్పిపోయినా ఇబ్బందే. 2014లో ప్రమాణంగా వచ్చిన జియోప్యాకేజ్‌లో అన్నీ ఒక్క ఫైల్లోనే ఉంటాయి. అది ఇవ్వాలి.

అంకెలబల్ల

నేను జర్నలిస్టుని, డేటా కథనాలు రాస్తాను. మీరంతా ఫైలు సైజు గురించి, ఫార్మాట్ గురించి మాట్లాడుతున్నారు. నాకు వాటికంటే పెద్ద తలనొప్పి తేదీ.

2014లో తెలంగాణకి 10 జిల్లాలు. 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26. జనాభా లెక్కలేమో 2011వి. "జిల్లా హద్దులు" అని పేరుండి ఏ తేదీ నాటివో చెప్పని ఫైలు దించుకుని పాత లెక్కలతో కలిపితే కథనం మొత్తం తప్పుతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక ఫైల్లో మహబూబ్‌నగర్‌కి ఒక రకం, ఇంకో ఫైల్లో ఇంకో రకం. కలపబోతే జిల్లాకి జిల్లా ఖాళీగా వస్తుంది. కేంద్రం వాళ్ల లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకీ మండలానికీ ఊరికీ ఒక కోడ్ ఉంది. ఆ కోడ్ కాలమ్ ప్రతి ఫైల్లో ఉండాలి. ఫైలు పేరులోనే తేదీ ఉండాలి. పాత ఫైళ్లు తీసేయకూడదు.

పటాలపని అన్న "లింకు మారకూడదు" అన్నారు. లింకు మారకుండా లోపలి ఫైలు మాత్రం చెప్పాపెట్టకుండా మారిపోతే ఇంకా ప్రమాదం కదా అన్నా?

పటాలపని

నిజమే. తాజా ఫైలుకి ఒక స్థిరమైన లింకు, పాతవాటికి తేదీలతో వేరే లింకులు ఉండాలి. ఇది నేను ముందే చెప్పాల్సింది.

చెరువుగట్టు

పటాలపని అన్నా, మీరు చెప్పిన చెరువు కోత సంగతి నాకు నిజంగా తెలియదు. రాత్రంతా అదే ఆలోచించాను. మా పెద్ద చెరువు కూడా పక్క మండలంలోకి కాస్త పోతుంది.

కానీ ఒక మాట అడుగుతా. మీకు మంచి కంప్యూటర్ ఉంది, బ్రాడ్‌బ్యాండ్ ఉంది, పదేళ్ల అనుభవం ఉంది. మొత్తం ఫైలే మేలన్న మాట మీకు నిజం. నాకు ఆ ఫైలు ఉన్నా లేనట్టే. మిషన్ కాకతీయ మొదలైన 2015లో ఈ రాష్ట్రంలో 46 వేలకి పైగా చెరువులు, కుంటలు ఉన్నాయని లెక్క చెప్పారు. వాటి పక్కన ఉండేవాళ్లలో ఎంతమంది దగ్గర మీ కంప్యూటర్ ఉంటుంది? శిఖంలో మట్టి పడేది మా కళ్ల ముందు. పటం మా చేతికి రాకపోతే అది ఎవరి కోసం పెట్టినట్టు?

కోయొద్దు. ఎంచుకోనివ్వండి. నేను పటం మీద గడి గీస్తే దానికి తగిలిన ప్రతి చెరువూ పూర్తిగా రావాలి, సగం కాదు. ఇది కుదరదా?

సాయంత్రం లండన్

కుదురుతుందండీ. నేను ఇక్కడ మ్యాపింగ్ కంపెనీలో పనిచేస్తున్నా. గీత మీద కోయడం, గీతకి తగిలినవాటిని పూర్తిగా తీసుకోవడం రెండు వేర్వేరు పనులు, సాఫ్ట్‌వేర్‌కి రెండూ వచ్చు. ఏది చేశారో చెప్పకపోవడమే తప్పు.

బ్రిటన్‌లో ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే 2010 ఏప్రిల్ 1న ఓపెన్‌డేటా మొదలుపెట్టింది. చాలా పటాలకి దేశం మొత్తం కావాలంటే మొత్తం, లేదా 100 కిలోమీటర్ల గడి ఒక్కటి దించుకోవచ్చు. జనమే కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాని జర్మనీలో జియోఫాబ్రిక్ వాళ్లు దేశాలుగా విడగొట్టి రోజూ కొత్తగా పెడతారు. మన దేశమైతే జోన్లు, తెలంగాణ, ఆంధ్రా దక్షిణ జోన్‌లో వస్తాయి. ఇవి అడిగినప్పుడు వండేవి కావు, ముందే వండి పెట్టినవి. సర్వర్‌కి భారం ఉండదు. పైగా సిద్ధంగా ఉన్న ఫైలు మధ్యలో తెగితే ఆగినచోటు నుంచి మళ్లీ అందుకునేలా పెట్టడం తేలిక. చెరువుగట్టు గారి మూడు రాత్రులూ మిగిలేవి. అడిగినప్పుడల్లా అప్పటికప్పుడు తయారయ్యే జిప్‌కి ఆ సౌకర్యం సాధారణంగా ఉండదు.

నన్నడిగితే మండలాల బదులు ఉపనదీ పరీవాహకాల (ఒక్కో ఉపనదిలోకి నీళ్లు చేరే ప్రాంతాల) వారీగా విడగొట్టాలి: మూసీ, మంజీరా, మానేరు, ఇలా. గొలుసు తెగదు.

భూగోళం టీచర్

పరీవాహకం అంటే మా ఊళ్లో ఎంతమందికి తెలుసండీ? మా మండలం పేరు అందరికీ తెలుసు. వెతికేది మండలం పేరుతో వెతకనివ్వండి. దాని కింద వచ్చే ఫైలు మీరు ఎలా విడగొట్టుకున్నా సరే.

దస్త్రం మనిషి

నేను ఒక శాఖలో పటాలు అప్‌లోడ్ చేసే విభాగంలో చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. లోపలి సంగతి ఒకటి చెప్పాలి.

ముందే జిల్లాలవారీగా చేసి పెట్టడం మాకు పెద్ద పని కాదు. రాత్రిపూట ఒక స్క్రిప్టు నడిపితే చాలు. కష్టమల్లా అడిగేవాళ్లు ఉన్నారని పైవాళ్లకి చూపించడం. అందుకే నేను లాగిన్ పెట్టాలంటాను. ఎవరు దించుకున్నారు, దేనికి వాడారు అన్న లెక్క ఉంటేనే మరుసటి ఏడాది బడ్జెట్ వస్తుంది. లెక్క లేక మూలపడ్డ లేయర్లని నేను కళ్లారా చూశాను. లాగిన్ అంటే అడ్డు అనుకోకండి.

అంకెలబల్ల

పెద్దాయన మీద గౌరవంతోనే చెప్తున్నా, లాగిన్‌కి నేను ఒప్పుకోను. 2012 నాటి జాతీయ డేటా పాలసీలోనే ఓపెన్ యాక్సెస్ అంటే రిజిస్ట్రేషన్ అవసరం లేనిది అని రాసి ఉంది. రిజిస్టర్ చేసుకుని తీసుకునేది వేరే తరగతి. 2017లో సర్వే ఆఫ్ ఇండియా నక్షే పోర్టల్ ఆధార్ నంబరు ఇస్తేనే పటాలు ఇచ్చేలా మొదలైంది. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం మ్యాపింగ్ నిబంధనలే సడలించింది. దారి అటు పోతుంటే మనం ఇటు ఎందుకు?

చెరువుగట్టు గారి విషయమే తీసుకోండి. ఆవిడ ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నారో వాళ్లు ఊళ్లోనే ఉన్నారు. ఆ కుంట పటం ఎవరు దించుకున్నారో ఒక పట్టికలో పేరు, ఫోన్ నంబరుతో ఉండటం ఆవిడకి క్షేమమా? ఎన్నిసార్లు దించుకున్నారో సర్వర్ లెక్కపెడుతుంది. దానికి పేరు అక్కర్లేదు.

దస్త్రం మనిషి

ఆ కోణం నేను ఆలోచించలేదమ్మా. పేరు వద్దు. కానీ "దేనికి వాడుతున్నారు" అని ఒక్క ప్రశ్న, ఇష్టమైతేనే నింపేలా, ఉండనివ్వండి. సంఖ్య చూపిస్తే అధికారి తలూపుతాడు. "ఈ పటంతో ఒక ఊళ్లో కుంట నిలబడింది" అన్న వాక్యం చూపిస్తే సంతకం పెడతాడు.

పటాలపని

అక్కా, గడి గీసే టూల్‌ని నేను ఇప్పటికీ సగం మనసుతోనే ఒప్పుకుంటున్నా. అలాంటి టూల్స్ మొదటి ఏడాది బాగా నడిచి, కాంట్రాక్టు అయిపోయాక ఆగిపోవడం చాలాసార్లు చూశాను. జిల్లాలవారీ ఫైళ్లు, చెరువుని కోయకుండా, హద్దు మీదున్నది రెండు జిల్లాల ఫైళ్లలోనూ వచ్చేలా, అలా వచ్చినట్టు ఒక కాలమ్‌లో గుర్తుతో. సూచనల్లో ముందు ఇది రాయండి, టూల్ తర్వాత. పడమటి అంచు జిల్లాలు 78 డిగ్రీల రేఖాంశానికి అటు పడతాయి, యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి కొలిచే పద్ధతి) జోన్ 43లోకి. మిగతా రాష్ట్రం 44. ఏ జోన్‌లో విస్తీర్ణం లెక్క కట్టారో ఫైల్లో రాయమని కూడా చేర్చండి. టీచర్ గారి నారాయణపేట అటువైపే.

ఈలోగా మీ ఊరి పేరు, మండలం నాకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపండి. ఇక్కడ పెట్టొద్దు. మీ రెండు చెరువులు, కుంట, పైనుంచి వచ్చే కాలువ పూర్తిగా తీసి కేఎంఎల్ చేసి పంపుతా. పటం ఏ తేదీదో కింద రాస్తాను.

చెరువుగట్టు

పంపాను అన్నా. గ్రామసభ ఆదివారం. కాగితం మీద ప్రింట్ కూడా తీయిస్తా, ఫోన్ చూపిస్తే "అదేదో బొమ్మ" అంటారు.

సూచనల ముసాయిదా రేపు ఇక్కడ పెడతాను. లాగిన్ వద్దన్నది పైన రాస్తున్నా. గడి గీసే టూల్ మాట మాత్రం తీసేయను, అన్నా. అది రెండోదిగా ఉంటుంది.