ఎదుటివాళ్ల కష్టం మీద కథ రాయాలంటే వాళ్లని అడగాలా?

నదిపాయ:
2022 జూలై గోదావరి వరద మీద కథ రాసి గ్రూపుల్లో పెట్టాను. నది మధ్య మా లంక ఊళ్లో ఒక ముసలమ్మ, ఆవిణ్ణి వీపున వేసుకుని పడవ దాకా మోసుకెళ్లే మనవడు. ఆ మనవడే 'నేను' అంటూ కథ చెప్తాడు. పేర్లు మార్చాను. అయినా 'అడక్కుండా ఎలా రాశాడు' అని ఊళ్లో అంటున్నారట. ఎదుటివాళ్ల బాధని మన బాధగా ఊహించుకోవడమే కదా రాయడమంటే? అందరి సంతకాలూ తీసుకుని రాస్తే అది కథ కాదు, పంచాయతీ తీర్మానం. మీరేమంటారు?

వరిమడి:
చదివానండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో వరద హెచ్చరిక ఇచ్చాక కాజ్‌వే, అంటే లంకలోకి వెళ్లే ఆ ఎత్తు తక్కువ దారి, మునిగిందని రాశారు. మూడోదంటే అక్కడ నీటిమట్టం 17.75 అడుగులు. కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే అంతదాకా ఆగదు. మొదటిది, 11.75కి అటూ ఇటూగానే నీళ్లెక్కేస్తాయి. మూడోది వచ్చేసరికి చాలా లంకల్లో నీళ్లు ఇళ్లల్లో ఉంటాయి.

కొబ్బరాకు:
ఎప్పుడు మునిగితే ఏంటండి, నాకైతే కళ్లనీళ్లు ఆగలేదు.

నదిపాయ:
అదీ సంగతి. పాఠకుడు అడుగులు కొలుచుకుంటూ చదవడు.

వరిమడి:
లంకలో ఉన్నవాడు కొలుచుకుంటాడు. రాత్రంతా టార్చి వేసి, నీళ్లు ఎన్నో మెట్టుకొచ్చాయో చూసుకుని పశువుల్ని గట్టెక్కిస్తాడు. మీ ముసలమ్మేమో నీళ్లు గుమ్మం దాటినా తులసికోటకి దణ్ణం పెడుతూ ఉంది. అసలావిడైతే బియ్యం అటకెక్కించలేదని ఇంటిల్లిపాదినీ తిడుతుంది. వరద తీశాక పారతో ఒండ్రు లాగడం, తడిసి ఉబ్బిన ధాన్యం బస్తా మూతి విప్పగానే కొట్టే కంపు, ఇవేవీ లేవు. అరటితోటలో నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే చెట్లు గెలలతో సహా పడిపోతాయి. పరిహారం చాలాసార్లు పాసుపుస్తకం ఉన్నాయనకి పోతుంది, కౌలుకి చేసినవాడికి కాదు. నాకు రెండెకరాలు అలాగే పోయింది.

గట్టుమీద:
పరిహారానికీ కథకీ ఏంటండి సంబంధం? టాపిక్ మీద మాట్లాడండి.

నర్సాపురం_లేసు:
మా అమ్మ అల్లిన పువ్వుని చూసి వీధి వీధంతా అల్లేవారు, ఎవరూ అడగలేదు, అమ్మా ఏమనుకోలేదు. కానీ ఏజెంటు వచ్చి 'ఇది మా డిజైను' అన్న రోజు మూడు రోజులు సూది పట్టలేదు. నర్సాపురం లేసుకి 2024లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతానిదే అన్న గుర్తింపు, వచ్చింది, ఆ పువ్వు ఎవరిదో మాత్రం ఇప్పుడు ఎవరికీ తెలీదు. చూసి అల్లుకోండి, నాదే అనకండి. అంతే నా బాధ.

నదిపాయ:
నేను నాదే అనలేదండి. కథలో 'నేను' అంటే రాసినవాడు కాదు, అది ఒక పాత్ర. ఈ మాత్రం తెలియనివాళ్లతో వాదించడం నా వల్ల కాదు.

వరిమడి:
పాత్రా? అయితే ఇక్కడే చెప్తాను. ఆ ముసలమ్మ మన నాయనమ్మ. పీకల్లోతు నీళ్లలో మోసింది నేను. ఆ రోజు నువ్వు హైదరాబాద్‌లో ఉండి గంటకోసారి ఫోన్ చేశావు. కథ నాయనమ్మకి చదివి వినిపించాను. 'చిన్నోడు వచ్చాడేంట్రా అప్పుడు?' అని అడిగింది. ఏం చెప్పమంటావు?

కొబ్బరాకు:
అమ్మో.

నదిపాయ:
అన్నయ్యా, ఇది పదిమందిలో పెట్టే విషయమా? డబ్బు పంపలేదా నేను? కాజ్‌వే అని, అడుగులని ఇంతసేపు చుట్టూ తిరిగే బదులు ఇదేదో ముందే అనొచ్చు కదా.

వరిమడి:
డబ్బు సంగతి ఎవరెత్తారు? పదిమందిలో పెట్టింది నువ్వు.

నదిపాయ:
రాలేకపోయినవాడు వచ్చినట్టు రాసుకోవడం కూడా తప్పేనా? ఆ రాత్రి నేను నిద్రపోయాననుకుంటున్నావా? రోడ్లు మూసేశారు, ఎలా వచ్చేది? ఆవిడ నాకూ నాయనమ్మే. దగ్గరున్నవాడికే బాధ ఉంటుందంటే ఊరు దాటినవాళ్లం ఎవరం నోరెత్తకూడదు.

వరిమడి:
బాధ లేదనలేదు. బాధ పడ్డం వేరు, మొయ్యడం వేరు. నువ్వు రెండూ ఒకటే అంటున్నావు, నేను కాదంటున్నాను.

గట్టుమీద:
మీరిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటే బాగుంటుంది. నా మటుకు నాకు కథ కథే, సాక్ష్యం కాదు.

నర్సాపురం_లేసు:
నాయనమ్మ అడిగిన మాటకి ఇంకా జవాబు రాలేదు.

వరిమడి:
కథ తీసెయ్యక్కర్లేదు. రాలేకపోయిన మనవడు ఒకడు ఫోన్ పట్టుకుని కూర్చున్నట్టు కూడా రాయి. నా పేరు అక్కర్లేదు.

నదిపాయ:
రాసిన కథలో మార్పులు చెయ్యను. శనివారం ఊరొస్తున్నా, నాయనమ్మతో నేనే మాట్లాడతాను.