మంకీ మియాలో డాల్ఫిన్లకు చేపలు పెట్టడం సరైనదేనా?

పెర్త్ పిల్ల:
పశ్చిమ ఆస్ట్రేలియా తీరం వెంబడి పిల్లలతో కారులో పైకి వెళ్తున్నాం. షార్క్ బేకి ఒక్క రోజే కుదిరింది. రాత్రి డెన్హమ్‌లో బస. అక్కడికి 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న మంకీ మియాలో పొద్దున్నే డాల్ఫిన్లు ఒడ్డుకొస్తే రేంజర్లు చేపలు పెడతారట. పాప ఇప్పటి నుంచే గంతులేస్తోంది. మా ఆయన మాత్రం "స్వేచ్ఛగా బతికే జంతువుకి మన చేతి తిండి మరిగించడం తప్పు, వద్దు" అంటున్నారు. మీరేమంటారు?

విశాఖ తీరం:
అన్నయ్యగారి మాటే రైటు. 1960లలో చేపలు పట్టేవాళ్లు సరదాగా మొదలుపెట్టిన అలవాటు అది. ఆ తర్వాత టూరిస్టులు ఎగబడ్డారు. తల్లి డాల్ఫిన్లు చేప కోసం ఒడ్డున లోతులేని నీళ్లలో గంటల తరబడి కాచుకునేవి. అక్కడ పిల్లకి సరిగ్గా పాలు తాగే వీలుండదు. తల్లికి దూరంగా వెళ్తే టైగర్ షార్కుల భయం. అలా చేపలు తిన్న తల్లుల పిల్లలే ఎక్కువగా చనిపోయాయని పరిశోధకులు తేల్చారు. మన ఫొటో కోసం అంత అవసరమా?

ఎర్రమట్టి దారి:
విశాఖ గారూ, అది 1995కి ముందు సంగతి. ఆ ఏడాది నియమాలు బిగించాక డాల్ఫిన్ పిల్లలు బతకడం మెరుగుపడింది. ఇప్పుడు ఎంపిక చేసిన కొద్దిపాటి ఆడ డాల్ఫిన్లకే పెడతారు. అదీ మధ్యాహ్నంలోపే, మూడుసార్లకి మించకుండా, వాటి రోజు తిండిలో కొంచెమే. మిగతాది అవే వేటాడుకోవాలి. ముట్టుకోనివ్వరు. కాళ్లకి సన్‌స్క్రీన్ రాసుకుని నీళ్లలో దిగొద్దంటారు, వాటి కళ్లు మండుతాయని. నేను చూసినప్పుడు ఒకటి పక్కకి ఒరిగి, ఒంటికన్నుతో వరుసలో నిలబడ్డ మన పిల్లల్ని చూసుకుంటూ వెళ్లింది. ఆ చూపు చూసిన పిల్లలు సముద్రాన్ని పట్టించుకోకుండా పెరుగుతారని నేననుకోను.

అసలు బాధపడాల్సింది 2011 గురించి. ఆ వేసవిలో నీళ్లు వేడెక్కి షార్క్ బేలో సముద్రపు గడ్డి పెద్ద ఎత్తున చచ్చిపోయింది. తర్వాత అక్కడి డాల్ఫిన్లు బతికే రేటు సుమారు 12 శాతం తగ్గింది. అది బకెట్‌లో చేపల వల్ల కాదు కదా!

విశాఖ తీరం:
కాదు. కానీ సముద్రమే వాటికి ఇబ్బందిగా మారినప్పుడు మనం ఇంకాస్త దూరం జరగాలి. ఆ బేలో కొన్ని డాల్ఫిన్లు సముద్రం అడుగున పెరిగే స్పాంజిని పీకి మూతికి తొడుక్కుని, గీసుకుపోకుండా అడుగున ఇసుక కెలికి చేపలు పడతాయి. కూతుళ్లు తల్లిని చూసే ఆ విద్య నేర్చుకుంటాయి. వేడి దెబ్బకి ఆ విద్య వచ్చినవే కాస్త తట్టుకున్నాయి కూడా. మరి తల్లి పొద్దున పూట బకెట్ దగ్గర గడిపితే, పక్కనున్న పిల్ల ఏం నేర్చుకుంటుంది? ఎంత తక్కువ పెట్టినా ఈ ప్రశ్న పోదు.

పాపకి చూపించాలనుకుంటే ఈగిల్ బ్లఫ్ ఉంది, డెన్హమ్‌కి దక్షిణాన 20 కిలోమీటర్లు. కొండకొమ్ము మీద చెక్క నడకదారి. కింద నీళ్లు తేటగా ఉంటే షార్కులు, స్టింగ్‌రే చేపలు కనిపిస్తాయి, అదృష్టం ఉంటే డుగాంగ్ (సముద్రపు ఆవు) కూడా. వాటికి మనం వచ్చినట్టే తెలీదు.

పెర్త్ పిల్ల:
కూతుళ్లు తల్లి దగ్గర నేర్చుకుంటాయన్నది విన్నాక నాకూ మనసొప్పట్లేదు. పొద్దున ఈగిల్ బ్లఫ్‌కి వెళ్తాం. మంకీ మియాకి మధ్యాహ్నం, చేపలు పెట్టడం అయిపోయాక. డాల్ఫిన్లు వాటంతట అవే వస్తే చూస్తాం, రాకపోతే లేదు. పాప కాసేపు ఏడుస్తుంది, తప్పదు.

ఎర్రమట్టి దారి:
నేనైతే పొద్దున్నే తీసుకెళ్లేవాణ్ణి, ఇప్పటికీ నా మాట అదే. మీ ప్లానే ఖాయమైతే మాత్రం బైనాక్యులర్స్ మర్చిపోకండి. రెండో రాత్రీ డెన్హమ్‌లోనే ఉండండి. అక్కడి నుంచి హైవే మీదున్న ఓవర్‌ల్యాండర్ రోడ్‌హౌస్ దాకా దాదాపు 130 కిలోమీటర్లు. పొద్దు వాలాక కంగారూలు రోడ్డు మీదకొస్తాయి, పిల్లలతో ఆ టెన్షన్ వద్దు.