స్కూలు ఆవరణలోని పాత విచారణ గుడి (క్యాథలిక్ పారిష్ చర్చి): చరిత్ర ఎలా రాయాలి, సామాన్లు ఎలా బాగు చేయాలి?

ప్రశ్న (దేవరకొండ వైపు)
స్కూలు జూబిలీ సంచికకు గుడి చరిత్ర కావాలి. నిజాం కాలపు కట్టడం, సున్నం గోడలు, శంకుస్థాపన ఫలకం లేదు. జ్ఞానస్నాన పుస్తకాల్లో పాతవి లాటిన్‌లో, భూమి కాగితాలు ఉర్దూలో ఉన్నాయి. వేసవి సెలవుల్లోనే మరియమ్మ స్వరూపానికి (విగ్రహానికి) ఎనామిల్ రంగు, బల్లలకు చెదల మందు వేయించాలని కమిటీ మాట. ఏది ముందు?

పాత దస్తరం
కాగితాలే ముందు. గుడి కట్టిన ఏడు వేరు, విచారణ ఏర్పడిన ఏడు వేరు. సంచికల్లో రెండూ కలిపేస్తుంటారు. జ్ఞానస్నాన పుస్తకంలో మొదటి తేదీ ఆ పుస్తకం తెరిచిన తేదీ మాత్రమే, అంతకు ముందువి తల్లి విచారణ (మీది ఏ విచారణ నుంచి విడిపోయిందో అది) పుస్తకాల్లో ఉండొచ్చు. నల్గొండ మేత్రాసనం (బిషప్ కింద ఉండే డయోసిస్) వచ్చింది 1976లో. దానికి ముందటి ఉత్తరాలు, కట్టడం అనుమతులు మీ ఊరు అప్పట్లో హైదరాబాద్ కింద ఉందో, వరంగల్ కింద ఉందో చూసుకుని అక్కడ అడగండి.

లాటిన్ తేదీల్లో ఒక చిక్కుంది. 7బ్రిస్ అని రాసుంటే ఏడో నెల కాదు, సెప్టెంబరు. 8బ్రిస్ అక్టోబరు, 9బ్రిస్ నవంబరు, 10బ్రిస్ డిసెంబరు. ఉర్దూ కాగితాల్లో ఉండేది ఫసలీ సంవత్సరం, అంటే నిజాం పాలనలో అక్టోబరులో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జనవరి ఒకటి నుంచి వచ్చే తేదీలకైతే 591 కలపాలి. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు 1357 ఫసలీలో పడుతుంది, దాంతో సరిచూసుకోండి. అంచుల్లోని చిన్న రాతలు వదలొద్దు: భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) ఎప్పుడు, పెళ్లి ఏ గుడిలో అనేవి అక్కడే రాస్తారు. ఏ ఊళ్ల వాళ్లు ఈ గుడికి వచ్చేవారో వాటితో తెలుస్తుంది.

రంగులు-రాళ్లు
స్వరూపానికి ఎనామిల్ వద్దే వద్దు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌దైతే లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి, పాత రంగును కూడా పట్టుకుని పెచ్చులుగా ఊడుతుంది. తడిగుడ్డతో తుడవకండి, మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. ముందు నాలుగు వైపులా ఫొటోలు, ముఖం, చేతివేళ్లు దగ్గరగా. రంగు లేచినచోట అసిటోన్‌లో 5 శాతం పారలాయిడ్ బి-72 (పాత వస్తువుల రంగు అతికించే రెసిన్) సన్న కుంచెతో అంచు కింద పెడతారు. అది తెలిసినవాళ్లే చేయాలి. బోర్డులు రాసే పెయింటరుకు ఇస్తే కళ్లు, పెదవులు మారిపోతాయి, పాతది మళ్లీ రాదు.

గోడలకూ ఇంతే: సున్నం మీద సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి, లవణాలు పొంగి పూత రాలుతుంది. సున్నంతోనే పూయించండి.

చెదలు
బల్లల మీద మందు కొట్టొద్దు, వాటి మీద పిల్లలు కూర్చుంటారు. చెద వచ్చేది నేలలోంచి. గోడ, నేల కలిసేచోట అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. రంధ్రాలు వేయించి, క్లోర్‌పైరిఫాస్ 20 శాతం ఈసీ (నీళ్లలో కలిపే చిక్కటి మందు) లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలిపి, రంధ్రానికి లీటరు దాకా పోయాలి. ఎండాక సిమెంటుతో మూసేయాలి. లైసెన్సున్నవాళ్లతో, సెలవుల మొదట్లోనే చేయించండి. బల్లల కాళ్లు తిన్నమేర కోసి, కింద గ్రానైటు ముక్క పెడితే చాలు.

పాత దస్తరం
ఇంకో మాట. పాత బలిపీఠం కదిలిస్తే పైన ఐదు చిన్న సిలువలు చెక్కిన రాయి ఉందేమో చూడండి. పునీతుల అవశేషాలు ఉండేది దాంట్లోనే. వడ్రంగిని ముట్టనీయకుండా విచారణ గురువులకు చెప్పండి, దాన్ని ఏం చేయాలో చెప్పాల్సింది వారే.