పని నేర్పేది నల్గొండలో, జీతం తీసుకునేది మాదాపూర్‌లో... ఏం చేయాలి?

నల్గొండలో నాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, పద్నాలుగు మంది పనిచేసేవారు. 2023 అక్టోబర్‌లో ఇక్కడ ఐటీ టవర్ తెరిచినప్పుడు, ఇగ మన పిల్లలు మన ఊళ్లోనే ఉంటారని సంబరపడ్డా. ఫ్రెషర్లను తీసుకుని ఏడాది పక్కన కూర్చోబెట్టుకుని జావా నేర్పిస్తే, చేతికి పని వచ్చేసరికి హైదరాబాద్ నుంచి ఫోన్ వస్తుంది. ఆరు నెలల్లో నలుగురు పోయారు. మొన్న పోయిన తమ్ముడు పేమెంట్స్ మాడ్యూల్ మొత్తం ఒక్కడే చూసేవాడు. శుక్రవారం ల్యాప్‌టాప్ నా టేబుల్ మీద పెట్టి, ఛార్జర్ వైరు నీట్‌గా చుట్టి, "అన్నా, ఏమనుకోకు" అని పోయాడు. సోమవారం క్లయింట్ ఫోన్ చేస్తే ఆ కోడ్ ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. అక్కడ జీతం డబుల్ అట, అంత నేనివ్వలేను. ఇన్నేళ్లలోపు మానేస్తే డబ్బు కట్టాలని బాండ్ రాయించుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకో అంటున్నాడు మా బావమరిది. ఎవరైనా చేశారా?

జవాబు 1 (హెచ్ఆర్‌లో పన్నెండేళ్లు)
సర్టిఫికెట్ల జోలికి అస్సలు పోకండి. మానేశాక ఇంకో కంపెనీలో చేరొద్దని రాయించుకున్నా చెల్లదు, కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ఉంది. 2025 మేలో సుప్రీంకోర్టు 2 లక్షల బాండ్‌ను సమర్థించిన మాట నిజమే, కానీ అది ప్రభుత్వ బ్యాంకు, మనిషి పోతే మళ్లీ నోటిఫికేషన్, పరీక్ష, పెద్ద తతంగం. పక్కన కూర్చోబెట్టి నేర్పినదానికి ఇంత ఖర్చయిందని మీరు ఏ బిల్లు చూపిస్తారు?

జవాబు 2
పోయినవాణ్ణి చెబుతున్నా. పాలమూరులో రెండేళ్లు చేశా. హైక్ అడిగితే "చూద్దాం" అనేవారు. మా పక్క సీటు అతను రిజైన్ పెట్టాడు, తెల్లారేసరికి అతనికి పెంచారు. ఆ సాయంత్రమే మేమంతా నౌక్రీ జాబ్ సైట్‌లో ప్రొఫైల్ అప్‌డేట్ చేశాం, నిజం! ఇప్పుడు గచ్చిబౌలిలో రూమ్ రెంట్, తిండి పోను మిగిలేది చూస్తే మరీ అంత తేడా లేదు. ఇంటి దగ్గరుంటే అమ్మ వండిన అన్నం. కానీ రెండేళ్లూ ఒకే పాత కోడ్‌లో బగ్గులు ఏరుతూ ఉంటే, రేపు ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి అనే టెన్షన్ ఉంటుంది కదా అన్నా.

జవాబు 3 (దివిటిపల్లి, పాలమూరు దగ్గర)
మేమూ ఫ్రెషర్లతోనే మొదలుపెట్టి దెబ్బతిన్నాం. ఇప్పుడు ముప్పై దాటి, అమ్మానాన్న ఊళ్లో ఉండి, వెనక్కి రావాలనుకునేవాళ్లను వెతికి తీసుకుంటున్నాం, ఇద్దరు దొరికితే నలుగురి పెట్టు. ఏ మాడ్యూలైనా ఇద్దరికి తెలిసి ఉండాల్సిందే. ఇంకోటి, పది మంది ఉంటే చాలు, గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన సొమ్ము, మీకూ వర్తిస్తుంది. అయిదేళ్లు నిండితే ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన వస్తుందని చేరిన రోజే చెప్పండి. మావాళ్లలో సగం మందికి తెలియనే తెలియదు.

అడిగినవాడినే
బాండ్ సంగతి వదిలేశా, బావమరిది అలిగాడు. పక్క సీటు కథ చదివి సిగ్గేసింది, ఎందుకంటే పోయిన నెల నేనూ అదే పని చేశా. మిగిలిన పది మంది జీతాల షీట్ ముందేసుకుని కూర్చున్నా. ఆలోపు జావా పేమెంట్స్ తెలిసి, నల్గొండకు వచ్చేద్దాం అనుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.