పాప పడుకునే గది గోడకు అవతలే వైఫై రౌటర్ ఉంది: ఆరోగ్యానికి ముప్పు ఉంటుందా?

ప్రశ్న

మా ఇంట్లో వైఫై రౌటర్ హాలు గోడకు బిగించి ఉంది. ఆ గోడకు సరిగ్గా ఇవతలి వైపు మా నాలుగేళ్ల పాప మంచం ఉంది. పాప తల పెట్టుకునే చోటికీ రౌటర్‌కీ మధ్య ఎంత దూరముందో టేపుతో కొలిస్తే మీటరున్నర తేలింది. ఇన్నాళ్లూ దీని గురించి నేను ఆలోచించనే లేదు. అయితే రెండు నెలల క్రితం కొత్త రౌటర్ పెట్టించినప్పటి నుంచి, ఆ గదిలోనే పాప పక్కన పడుకునే మా అత్తగారికి తరచుగా తలనొప్పి వస్తోంది, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని కూడా అంటున్నారు. బంధువులొకరు పంపిన వీడియోలో, వైఫై తరంగాలు మైక్రోవేవ్ ఓవెన్‌లో ఉండే తరంగాలేనని, వాటివల్ల మెదడులో గడ్డలు ఏర్పడతాయని, పిల్లల పుర్రె పలుచగా ఉంటుంది కనుక వారికి ప్రమాదం మరింత ఎక్కువని చెప్పారు. అది చూసిన తరువాత ఆవిడ రౌటర్ మీది పచ్చ లైట్లు వెలుగుతున్నంతసేపూ ఆ గదిలోకి అడుగుపెట్టడానికే జంకుతున్నారు.

నేను వెతికి చదివిన వ్యాసాలలో కొన్ని ఏమీ కాదని కొట్టిపారేసేవి, మిగిలినవి గుండెలు అదిరేలా భయపెట్టేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన విభాగమే ఈ తరంగాలను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చిందని ఒకచోట, హాని జరుగుతుందనడానికి ఆధారాలు లేవని అదే సంస్థ అంటోందని మరొకచోట ఉంది. రెండూ నిజమేనా? నిజమైతే రెండింటినీ కలిపి ఎలా అర్థం చేసుకోవాలి? రౌటర్‌ను మరో చోటికి మార్చాలా, రాత్రిపూట ఆపేయాలా, అసలు తీయించేయాలా? నేను సైన్సు చదువుకున్నదాన్ని కాను. కొలతలతో, కారణాలతో చెప్పేవారుంటే ఎంత పొడవైన జవాబైనా ఓపికగా చదువుతాను.

జవాబు 1

నమస్కారమండీ. రేడియో పరికరాల నుంచి వెలువడే శక్తిని కొలవడం నా ఉద్యోగం. కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

మీరు చూసిన వీడియోలో సగం నిజముంది. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 245 కోట్ల సార్లు కంపించే తరంగాలతో, పనిచేస్తుంది, వైఫై కూడా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనూ 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనూ పనిచేస్తుంది. కానీ ఓవెన్ 800 నుంచి 1000 వాట్ల శక్తిని ఒక ఇనుప పెట్టెలో బంధించి, లోపల ఉన్న పదార్థం మీదికే మళ్లిస్తుంది. రౌటర్‌కు 2.4 గిగాహెర్ట్జ్ వద్ద ఐరోపా నిబంధనలు అనుమతించే గరిష్ఠ శక్తి 100 మిల్లీవాట్లు, అంటే వాటులో పదో వంతు. అది కూడా గది నలుమూలలకూ చెదిరిపోతుంది. దీపం వెలుతురు, మధ్యాహ్నపు ఎండ రెండూ వెలుతురే, అయినా దీపం పక్కన ఆరేసిన బట్టలు ఆరవు. తరంగం ఏ జాతిదన్న దానితో పాటు అది ఎంత మోతాదులో వచ్చి తాకుతోందన్నది కూడా చూడాలి.

మీరు దూరం కొలిచి చెప్పారు కనుక లెక్క వేయడం తేలికైంది. దూరం రెట్టింపైతే తాకే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. 100 మిల్లీవాట్ల రౌటర్ నుంచి మీటరు దూరంలో చదరపు మీటరుకు దాదాపు 8 మిల్లీవాట్లు, మీటరున్నర దూరంలో సుమారు మూడున్నర మిల్లీవాట్లు వస్తాయి. అయొనైజింగ్ కాని, అంటే అణువులను విడగొట్టలేని, వికిరణాల నుంచి రక్షణకు ఏర్పడిన అంతర్జాతీయ కమిషన్ ఈ పౌనఃపున్యాల (కంపన వేగాల) వద్ద సాధారణ ప్రజలకు విధించిన పరిమితి చదరపు మీటరుకు 10 వాట్లు. అంటే గోడను లెక్కలోకి తీసుకోకుండానే పాప తల దగ్గర ఉన్నది ఆ పరిమితిలో దాదాపు 2,800వ వంతు. కొన్ని దేశాల్లో ఇంతకన్నా శక్తిమంతమైన రౌటర్లకు అనుమతి ఉంది కనుక పదింతలు వేసుకుందాం, అప్పటికీ 280వ వంతే అవుతుంది. పైగా ఇది రౌటర్ క్షణం ఆగకుండా ప్రసారం చేస్తోందనుకుని కట్టిన లెక్క. ఇంట్లో ఎవరూ వాడని అర్ధరాత్రి వేళ అది సెకనుకు పదిసార్లు మాత్రం, ప్రతిసారీ మిల్లీసెకను అటూ ఇటూ, నేనిక్కడ ఉన్నానని పలికి మిగిలిన సమయమంతా మౌనంగా ఉంటుంది.

ఆ పరిమితి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియాలి. శరీరమంతటా కిలో బరువుకు 4 వాట్ల శక్తి ఇంకితే ఒంటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ దాకా పెరగవచ్చని ప్రయోగాల నుంచి గ్రహించి, అందులో యాభయ్యో వంతును, అంటే 0.08 వాట్లను, ప్రజలకు హద్దుగా పెట్టారు. ఎక్స్‌రేల మాదిరిగా ఇవి కణంలోని అణువులను విడగొట్టగలవా అన్న భయం చాలామందికి ఉంటుంది. అణువుల బంధం తెగడానికి కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి కావాలి. 2.4 గిగాహెర్ట్జ్ ఫోటాన్ (తరంగ శక్తిలోని అతి చిన్న మూట) ఒక్కొక్కదానిలో ఉండేది ఎలక్ట్రాన్ వోల్టులో లక్షో వంతు మాత్రమే.

నా వృత్తి అనుభవంతో ఒక మాట చెప్పాలి. అందరూ గోడమీది పెట్టెను చూసి భయపడతారు, చెవికి ఆనించుకున్న ఫోనును పట్టించుకోరు. 4జీ ఫోను గరిష్ఠంగా దాదాపు 200 మిల్లీవాట్లతో ప్రసారం చేయగలదు, అదీ తలకు ఆనుకుని. వైఫై ఉన్న చోట ఏడాది పొడవునా కూర్చున్నా ఒంటికి అందేది 20 నిమిషాల ఫోను సంభాషణలో అందేదానికి సమానమని 2007లో బ్రిటన్ ఆరోగ్య రక్షణ సంస్థ లెక్కగట్టింది. సిగ్నల్ ఒక్క గీతే ఉన్నప్పుడు, లిఫ్టులో ఉన్నప్పుడు ఫోను తన శక్తిని పెంచుకుంటుంది. అటువంటి చోట మాట్లాడడం తగ్గించుకోవడం, స్పీకరులోగానీ ఇయర్‌ఫోనుతోగానీ మాట్లాడడం రౌటర్ తీసేయడం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఫలితమిస్తుంది. సుదీర్ఘంగా మాట్లాడిన తరువాత చెవి వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. అయితే దానికి ప్రధాన కారణం తరంగాలు కావు, బ్యాటరీ వేడి, చెవికి గాలి తగలకుండా ఫోను అదిమి ఉంచడం.

జవాబు 2

పై లెక్కలను నేను కాదనడం లేదు. కానీ నేనూ ఇద్దరు పిల్లల తల్లిని, ఇంత నిశ్చింతగా ఉండలేను. పరిమితులన్నీ వేడిమి ఆధారంగానే నిర్ణయించారు. వేడెక్కించకుండానే జరిగే మార్పుల మాటేమిటి? అమెరికా జాతీయ విషపదార్థ పరిశోధన కార్యక్రమం 2018లో వెలువరించిన నివేదికలో, మొబైల్ తరంగాలకు గురైన మగ ఎలుకల గుండెలో కణుతులు ఏర్పడినట్టు స్పష్టమైన ఆధారం ఉందని రాశారు. ఫ్రాన్సు 2015లో చట్టం చేసి మూడేళ్ల లోపు పిల్లలుండే శిశు సంరక్షణ కేంద్రాల్లో వైఫైను నిషేధించింది, ప్రాథమిక పాఠశాలల్లో బోధనకు అవసరం లేనప్పుడు ఆపివేయాలంది. బడులలో తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్‌కు ప్రాధాన్యమివ్వాలని 2011లో ఐరోపా మండలి పార్లమెంటరీ సభ తీర్మానించింది. వీరంతా పనిలేక ఆ నిర్ణయాలు తీసుకున్నారని నేను అనుకోను. ఈనాటి పిల్లలు పుట్టినప్పటి నుంచి డెబ్బై ఎనభై ఏళ్లపాటు ఈ తరంగాల మధ్యే బతకాలి, అంత కాలం పరిశీలించిన అధ్యయనం ఇప్పటికి ఉండే అవకాశమే లేదు. రాత్రి పడుకోబోయే ముందు ఒక స్విచ్ నొక్కితే పోయేదేమీ లేదు కదా.

జవాబు 3

నేను ప్రజారోగ్య గణాంకాల విభాగంలో పనిచేస్తాను. రెండో జవాబు రాసినవారి ఆందోళనను గౌరవిస్తూనే, ఆ ఆధారాలు ఎంత దూరం నిలబడతాయో వివరిస్తాను.

ముందుగా అడిగినవారి సందేహం. మీరు చదివిన రెండు మాటలూ నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011 మే నెలలో రేడియో తరంగాలను 2బి వర్గంలో చేర్చింది. క్యాన్సర్‌తో సంబంధం ఉందనే సూచనలు కొన్ని కనిపించినా అవి పరిమితమైనవి, ఇతర కారణాలను తోసిపుచ్చలేము అని ఆ వర్గానికి అర్థం. కలబంద మొత్తం ఆకు నుంచి తీసిన సారం కూడా ఆ వర్గంలోనే ఉంది. ఆ వర్గీకరణ ఆధారం ఎంత గట్టిదో చెబుతుంది తప్ప ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. రెండింటినీ ఒకటిగా చదవడం వల్లనే ఇంత గందరగోళం పుట్టింది.

ఆనాడు సూచనగా కనిపించినవాటిలో ముఖ్యమైనది 13 దేశాల్లో జరిగి 2010లో ప్రచురితమైన ఇంటర్‌ఫోన్ అధ్యయనం. మొత్తం 1,640 గంటలు దాటి మొబైల్‌లో మాట్లాడామని చెప్పినవారిలో గ్లయోమా అనే మెదడు కణితి 40 శాతం ఎక్కువగా కనిపించింది. కానీ అదే అధ్యయనంలో మామూలుగా ఫోను వాడేవారికి, వాడనివారికన్నా ఆ కణితి తక్కువగా ఉన్నట్టు తేలింది. ఫోను మెదడును కాపాడుతుందని ఎవరూ అనరు కదా. జబ్బు వచ్చిన తరువాత పదేళ్ల వెనకటి వాడకాన్ని గుర్తుచేసుకుని చెప్పమన్నప్పుడు వచ్చే పొరపాట్లు, ఎవరు అధ్యయనంలో చేరారన్న తేడాలు లెక్కను వంకర చేశాయని పరిశోధకులే ఒప్పుకున్నారు. అందుకే తరువాత ఆరోగ్యంగా ఉన్నవారిని ముందే చేర్చుకుని ఏళ్ల తరబడి గమనించే పద్ధతిని ఎంచుకున్నారు. బ్రిటన్‌లో ఏడున్నర లక్షలకు పైగా మహిళలను గమనించి 2022లో ప్రచురించిన అధ్యయనంలోనూ, ఐరోపా దేశాల్లో రెండున్నర లక్షలకు పైగా మందితో జరిగి 2024లో వెలువడిన కాస్మాస్ అధ్యయనంలోనూ ప్రమాదం పెరిగినట్టు కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా 63 అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2024 సమీక్ష కూడా మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదనే తేల్చింది. పిల్లల విషయంలో 14 దేశాల్లో 10 నుంచి 24 ఏళ్ల మధ్యవారిపై జరిగిన మోబి-కిడ్స్ అధ్యయనం ఫలితమూ ఇదే.

ఎలుకల ప్రయోగం నిజమే, దాన్ని తీసిపారేయకూడదు. అయితే వాటి ఒళ్లంతటికీ రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్లపాటు తరంగాలు తాకించారు. అత్యధిక మోతాదు కిలోకు 6 వాట్లు, ప్రజలకున్న హద్దుకు 75 రెట్లు. కణుతులపై ఆ స్పష్టమైన ఆధారం మగ ఎలుకల్లోనే దొరికింది, తరంగాలు తగిలిన మగ ఎలుకలు తగలనివాటికన్నా ఎక్కువ కాలం బతికాయి. దీని నుంచి మీటరున్నర దూరంలోని రౌటర్ గురించి ఏమీ తేల్చలేము.

పుర్రె పలుచన అన్నమాటలో మాత్రం వాస్తవముంది. ఫోను చెవికి ఆనించినప్పుడు పిల్లల మెదడులోని కొన్ని భాగాలు పెద్దలకన్నా ఎక్కువ శక్తిని గ్రహిస్తాయి. కాబట్టి పాప చేతికి ఫోనిచ్చి మాట్లాడించేటప్పుడు స్పీకరు పెట్టండి. అది నేను మా ఇంట్లో కూడా పాటించే నియమం.

జవాబు 4

మీ అత్తగారి గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. మూడేళ్ల క్రితం నాకూ రోజూ ఉదయం కణతల దగ్గర నొప్పి ఉండేది, కారణం వైఫైనేనని గట్టిగా నమ్మాను. చివరికి నా భార్య ఒక ఉపాయం చెప్పింది. రౌటర్ లైట్ల మీద నల్ల టేపు అంటించి, పద్నాలుగు రాత్రులు నేను పడుకున్న తరువాత నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఆపడం, బొరుసు పడితే అలాగే వదిలేయడం, ఆ వివరం తన దగ్గరే రాసిపెట్టుకోవడం. నేను ఉదయం లేవగానే నొప్పి ఉందో లేదో నా పుస్తకంలో రాసేవాణ్ణి. పదిహేనో రోజు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశాం. నొప్పి వచ్చిన ఆరు ఉదయాల్లో నాలుగింటికి ముందు రాత్రి రౌటర్ ఆపి ఉంది. తరువాత దంతవైద్యుడి దగ్గర తెలిసిందేమిటంటే, నేను నిద్రలో పళ్లు కొరుకుతున్నాను.

నా నొప్పి అబద్ధం కాదు, మీ అత్తగారిదీ అబద్ధం కాదు. తరంగాలు పడవని చెప్పుకునే 1,175 మందితో, ఎప్పుడు తరంగం ఉందో పాల్గొన్నవారికీ నిర్వాహకులకూ తెలియకుండా జరిపిన 46 ప్రయోగాలను 2010లో సమీక్షించారు. తరంగం ఉందో లేదో వారు పసిగట్టగలరనడానికి గట్టి ఆధారం దొరకలేదు, నిజంగా తరంగం లేనప్పుడు కూడా బాధలు మాత్రం వచ్చాయి. భయం కూడా ఒంటికి నొప్పి తెప్పించగలదు. దయచేసి ఆవిడను ఆ వీడియోల గురించి మందలించకండి. రక్తపోటు, కళ్లు, పళ్లు, వాడుతున్న మందులు ఒకసారి వైద్యులకు చూపించండి. రౌటర్ మీద నెపం వేసి అసలు కారణాన్ని నెలల తరబడి వదిలేయడమే నేను చేసిన తప్పు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రౌటర్‌ను హాలులో అవతలి మూలకు మార్పించాను. ఇప్పుడు పాప మంచానికి నాలుగు మీటర్ల దూరం ఉంది. ఇది భయంతో కాదు, అత్తగారు ఆ గదిలో నిశ్చింతగా పడుకోవాలని. కళ్లు చూపించడానికి గురువారం వెళుతున్నాం, ఆవిడ కళ్లజోడు మార్చి ఆరేళ్లయిందని ఇప్పుడే తెలిసింది. ఒక్క సందేహం మిగిలింది. ఫోను వెనక అంటించే రేడియేషన్ నిరోధక స్టిక్కర్లు కొనమని అదే బంధువు అంటున్నారు. అవి పనిచేస్తాయా?

జవాబు 1 రాసినవారు

కొనకండి. ఆ స్టిక్కరు తరంగాలను నిజంగా అడ్డుకుంటే, ఫోనుకు టవరు సరిగా అందక, అది తన శక్తిని మరింత పెంచి ప్రసారం చేస్తుంది. అడ్డుకోకపోతే డబ్బు వృథా. ఇటువంటి కవచాల విషయంలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా వినియోగదారులను హెచ్చరించింది. రౌటర్‌కు రేకు చుట్టమని ఎవరైనా చెప్పినా వినకండి. సిగ్నల్ బలహీనమై, గదిలోని పరికరాలు అదే సమాచారాన్ని మళ్లీ మళ్లీ పంపవలసి వస్తుంది. నాలుగు మీటర్ల దూరంలో ఇప్పుడు మీ పాప దగ్గరికి చేరేది చదరపు మీటరుకు అర మిల్లీవాటు.